అనంతపురం ఎండల్లో ఏఎస్ఐ533ఎంసీ ప్రో: కొన్నేళ్లు వాడిన తర్వాత

అనంతపురంలో మా మిద్దె మీద, రేకుల కప్పు పక్కకు జరిగేలా కట్టించుకున్న చిన్న గదిలో, 480 మి.మీ. నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) గల 80 మి.మీ. టెలిస్కోపుకు, తనను తాను చల్లబరచుకునే ఏఎస్ఐ533ఎంసీ ప్రో అనే ఖగోళ కెమెరాను బిగించి కొన్నేళ్లుగా నీహారికలను, నక్షత్రగుచ్ఛాలను చిత్రిస్తున్నాను. చలిదేశాల వారి సమీక్షల్లో ఈ కెమెరా సెన్సార్ (కాంతిని పట్టే చిప్) మైనస్ 10 డిగ్రీల దగ్గరో మైనస్ 20 దగ్గరో పనిచేస్తూ కనిపిస్తుంది. ఆ అంకెలు మన ఎండలకు ఎంతవరకు పొసగుతాయన్నదే కొనేముందు నాకున్న సందేహం. ఇక్కడి మిత్రులు ఎక్కువగా అడిగేదీ అదే.

వేడి వల్ల ఫోటోలో చేరే చుక్కల గరుకును (నాయిస్‌ను) తగ్గించేందుకు ఇందులోని కూలర్ సెన్సార్‌ను చుట్టూ ఉన్న గాలి కంటే గరిష్ఠంగా 35 డిగ్రీలు చల్లబరచగలదు. రోహిణి కార్తెలో పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండు దాటినా వేడి కక్కుతూనే ఉంటుంది కనుక, గదిలో 34 డిగ్రీలున్న వేళ లెక్క ప్రకారం మైనస్ 1 దాకానే అవకాశం. అప్పుడు మైనస్ 10 కోరితే కూలర్ నూరు శాతం దగ్గర ఆగిపోతుంది, సెన్సార్ ఉష్ణోగ్రత మాత్రం ఒకచోట నిలవక, తెల్లవారుజామున గాలి చల్లబడేకొద్దీ తానూ దిగుతూ పోతుంది. అలా తీసిన ఫ్రేములకు ముందే తీసిపెట్టుకున్న డార్క్ ఫ్రేములు (అదే ఉష్ణోగ్రతలో మూత పెట్టి తీసి, అసలు ఫోటోల్లోంచి సెన్సార్ లోపాలను తీసివేయడానికి వాడేవి) సరిపోవు. అందుకే వేసవికి 5 డిగ్రీలు, చలికాలానికి మైనస్ 10 అని రెండే స్థాయిలు ఖాయం చేసుకుని, రెండింటికీ విడివిడిగా డార్క్‌లు సిద్ధంగా ఉంచుకున్నాను. ఎంత చల్లబరిచామన్నదాని కంటే ఆ చలువ రాత్రంతా కదలకుండా ఉందా అన్నదే ముఖ్యం. వీధిదీపాలతో తెల్లబారిన ఊరి ఆకాశం తెచ్చే నాయిస్ ముందు, 5 డిగ్రీల దగ్గర సెన్సార్ వేడి వల్ల వచ్చే నాయిస్ లెక్కలోకి రాదు. పైగా ఈ కెమెరాలోని ఐఎంఎక్స్533 సెన్సార్‌లో ఆంప్ గ్లో (సెన్సార్ సర్క్యూట్ల వల్ల ఫోటో అంచున పడే వెలుగు) లేదు. ఐదు నిమిషాల ఫ్రేములో కూడా అంచుల్లో వెలుగు మరక కనిపించదు.

సెన్సార్ చతురస్రం కావడం కొందరికి రుచించదు, నాకు మాత్రం నచ్చింది. 3.76 మైక్రాన్ల పిక్సెళ్లు 3008 చొప్పున రెండు వైపులా ఉండటంతో, నా టెలిస్కోపుకు దాదాపు 1.35 డిగ్రీల ఆకాశం పడుతుంది. మృగవ్యాధం (ఓరియన్) రాశిలోని ఎం42 నీహారిక హాయిగా ఇమిడిపోతుంది. మూడు డిగ్రీల పొడవున్న ఆండ్రోమెడా గెలాక్సీకి మాత్రం మొజాయిక్ (ముక్కలుగా తీసి అతికించడం) తప్పదు. మన అక్షాంశం ఇచ్చే వరం ఒమెగా సెంటారీ: దక్షిణాన 28 డిగ్రీల దాకా లేచే ఆ గుచ్ఛంలో, నడిమధ్యన కూడా చుక్కలు విడివిడిగా వస్తాయి. అదే అక్షాంశం వల్ల ధ్రువ నక్షత్రం 14.7 డిగ్రీల ఎత్తులోనే ఉండి మా పక్కింటి నీళ్ల ట్యాంకు వెనక దాగుతుంది; టెలిస్కోపును తిప్పే మౌంటు అక్షాన్ని ధ్రువం వైపు సరిచూసుకోవడానికేమో అది కనపడాలి. ఈ కెమెరాతోనే మూడు చోట్ల ఫోటోలు తీసి, ప్లేట్ సాల్వింగ్‌తో (ఫోటోలోని చుక్కలను బట్టి టెలిస్కోపు ఎటు చూస్తోందో కంప్యూటరు గుర్తించే పద్ధతితో) ధ్రువాన్ని చూడకుండానే మౌంటును సరిచేసుకోవచ్చు కాబట్టి ఆ ఇబ్బంది తీరింది.

కెమెరా ముందున్న అద్దం పరారుణ కాంతిని ఆపదు. కటకాల టెలిస్కోపు వాడేవారు అతినీలలోహిత, పరారుణ కాంతులను ఆపే యూవీ–ఐఆర్ కట్ ఫిల్టర్‌ను విడిగా కొనుక్కోవలసిందే, లేకపోతే చుక్కలు ఉబ్బి వస్తాయి. హైడ్రోజన్ ఆల్ఫా, ఆక్సిజన్-3 కాంతులను మాత్రమే వదిలే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్‌తో రోజెట్ వంటి ఉద్గార నీహారికలు (ఆ రంగుల్లోనే వెలిగే వాయుమేఘాలు) ఊళ్లోంచే బాగా వస్తున్నాయి. గెలాక్సీలకు ఆ ఫిల్టర్ పనికిరాదు. వాటికోసం అమావాస్య దగ్గరి రోజుల్లో ఊరు దాటి వెళ్లడమే మేలు.

కూలింగ్‌కు 12 వోల్టుల సరఫరా వేరుగా ఇవ్వాలి, అదీ 3 ఆంపియర్లు నిలకడగా ఇవ్వగలిగినది కావాలి. బజారులో కొన్న ఒక చౌక అడాప్టరు కూలర్ జోరందుకోగానే వోల్టేజీ పడిపోయి కెమెరాను మధ్యలోనే ఆపేసేది. బ్యాటరీకి, పొట్టి మందపాటి వైర్లకు మారాక ఆ బెడద లేదు, కరెంటు పోయినా పని ఆగడం లేదు. ఇక ఆషాఢపు గాలుల దుమ్మును కెమెరా వెనకనున్న ఫ్యాను లోపలికి లాగి హీట్ సింక్ (వేడిని బయటికి వదిలే లోహపు భాగం) రెక్కల మధ్య పేరుస్తుంది. శ్రావణంలో ఒకసారి బ్లోయరుతో ఊది మెత్తటి బ్రష్షుతో దులిపితే, అదే 5 డిగ్రీలకు కూలర్ వాడుకునే శాతం తగ్గడం తెర మీదే కనిపిస్తుంది.