మస్కట్ నుంచి రాజోలుకి: రెండు రోజుల సెలవులో చూసిన పెళ్లి

మస్కట్‌లో ఒక ఇండియన్ స్కూల్లో లెక్కలు చెప్తాను. స్టాఫ్ రూంలో నా పక్క కుర్చీ ఫిజిక్స్ మేడమ్‌ది. నాలుగేళ్లుగా మధ్యాహ్నం బాక్సులు కలిపే తింటున్నాం. ఆమెది కోనసీమలో రాజోలు దగ్గర పల్లె, నాది అనంతపురం జిల్లా. "మా పెరట్లోంచి నాలుగడుగులేస్తే కాలువే అక్కా" అని ఆమె అన్నప్పుడల్లా, మా నాన్న ఆరువందల అడుగులు బోరు వేయించి దుమ్ము చూసిన రోజు గుర్తొచ్చేది. ఆ ఊరు ఒకసారి కళ్లారా చూడాలని అప్పుడే అనుకున్నాను.

జనవరిలో ఆమె తన పెళ్లి శుభలేఖ చేతిలో పెట్టింది. మాఘమాసం, గురువారం రాత్రి ముహూర్తం. ఫిబ్రవరి అంటే మాకు పదికీ పన్నెండుకీ బోర్డు పరీక్షల టెన్షన్. శుక్ర, శనివారాలు ఎలాగూ సెలవు కాబట్టి బుధ, గురువారాలు అడిగాను. ముందే రెండు వారాలు ఎక్స్‌ట్రా క్లాసులు తీసుకుని సిలబస్ పూర్తి చేసి చూపించాకే సంతకం పడింది. తక్కినవాళ్లకి కుదరలేదు. అందరం కలిసి కొన్న ఉంగరం నా హ్యాండ్‌బ్యాగులో పెట్టి పంపించారు.

మంగళవారం రాత్రి విమానం. హైదరాబాదుకి మూడున్నర గంటల లోపే. గడియారం గంటన్నర ముందుకి తిప్పుకోవాలి. అక్కడి నుంచి కోనసీమకి రెండు దారులు. మధురపూడి విమానాశ్రయంలో దిగితే రాజమహేంద్రవరం మీదుగా కారులో రెండు గంటలకు పైనే పడుతుంది. రాత్రి నరసాపురం ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దున్నే పాలకొల్లులో దిగొచ్చు. రాజోలుకి వెళ్లేవాళ్లకి రైలే మంచిదని నా అభిప్రాయం. కోనసీమ లోపలికి రైలు లేదు. కోటిపల్లి - నరసాపురం లైను ఇంకా పూర్తి కాలేదు. అందుకే పాలకొల్లు మాకు గుమ్మం లాంటిది. పైగా తెల్లవారేసరికి కైకలూరు, ఆకివీడు దాటుతూ కిటికీకి రెండు పక్కలా చేపల చెరువులు, వాటిలో నీళ్లు చిమ్ముతూ తిరిగే ఏరేటర్లు కనిపిస్తాయి. విమానంలో ఇది పోగొట్టుకుంటాం.

పాలకొల్లులో క్షీరారామం దర్శనం చేసుకున్నాను. పంచారామాల్లో ఒకటి. తొమ్మిది అంతస్తుల గోపురం దూరం నుంచే కనిపిస్తుంది. ఏడింటికి పెద్దగా జనం లేరు, పావుగంటలో బయటికొచ్చాను. గుడి దగ్గర్లోనే దిబ్బరొట్టె తిన్నాను. పైన పెళపెళలాడుతూ లోపల మెత్తగా, చెరుకు పానకంలో ముంచుకుని. ఆ వీధి దాటకుండా తినాల్సిందే.

కారు మాట్లాడుకుని చించినాడ వంతెన మీదుగా గోదావరి పాయ వశిష్ఠ దాటాం. అసలు చిక్కు తర్వాత వచ్చింది. ఆన్‌లైన్లో డబ్బు కట్టి బుక్ చేసుకున్న లాడ్జిలో "గదులు పెళ్లివాళ్లకి ఇచ్చేశామండి" అన్నారు. డబ్బు తిరిగి రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. మాఘంలో ఇటు వచ్చేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలి. అసలే ముహూర్తాల నెల, దానికి తోడు అంతర్వేదిలో దశమి రాత్రి లక్ష్మీనరసింహస్వామి కల్యాణం, భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఆ వారంలో చుట్టుపక్కల గది దొరకడం కష్టం. బుక్ చేసినా ముందురోజు ఫోన్ చేసి పేరు చెప్పించుకోండి.

హైదరాబాదు నుంచి వచ్చిన పెళ్లికూతురి స్నేహితులు దిండిలో టూరిజం వాళ్ల రిసార్ట్‌లో దిగారు. మధ్యాహ్నం వెళ్లి చూశాను. బాల్కనీలోంచి నది, ఒడ్డున హౌస్‌బోట్లు, ఎటు చూసినా కొబ్బరి. కుటుంబంతో రెండు రోజులు ఊరికే కూర్చోవడానికైతే దానికే నా ఓటు. అర్ధరాత్రి ముహూర్తానికి మాత్రం పనికిరాదు. ఆ వేళలో ఆటో దొరకదు, వాళ్లు కారుని రాత్రంతా ఆపుకోవాల్సి వచ్చింది.

నన్ను పెళ్లికూతురి పెదనాన్నగారు వాళ్ల మేడమీద గదిలో దింపారు. బాత్రూం కింద పెరట్లో ఉంది, వేణ్నీళ్లు కాగులో కాచి బకెట్లో ఇచ్చారు, దోమతెర లేకపోతే పడుకోలేం. అయినా ఇన్నేళ్లలో నేను దిగిన చోట్లలో దీన్నే పైన పెడతాను. కిటికీ తీస్తే కాలువ, అవతల అరటితోట. కింద కొబ్బరికాయల రాశి, పక్కన ఇద్దరు గునపానికి కాయ గుచ్చి మూడు తిప్పుల్లో పీచు ఊడదీస్తున్నారు. పెదనాన్నగారు కాలువ చూపించి, "ఇదంతా కాటన్ దొరగారి చలవండి" అన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. ఆ మాట ఆయన మాత్రం నిన్నమొన్నటి సంగతిలా చెప్పారు. కాలువ ఒడ్డున కూర్చుని నీళ్లలో కాళ్లు పెట్టాను. మా నాన్న బతికుంటే తీసుకొచ్చేదాన్ని.

పెళ్లి ఇంటి ముందే. కొబ్బరిమట్టల పందిరి, అరటిబోదెలు, సన్నాయి. మేనమామలు బుట్టలో కూర్చోబెట్టి తెస్తుంటే పెళ్లికూతురి చేతుల్లో కొబ్బరిబొండం ఉంది. పసుపు పూసి, చుట్టూ ముత్యాలు అంటించి, మీద ఇద్దరి పేర్లూ రాశారు. స్కూల్లో గాల్వనోమీటరు పట్టుకున్నంత జాగ్రత్తగా పట్టుకుంది. తెర అవతల పెళ్లికొడుకు. జీలకర్రబెల్లం పెట్టాక తెర దించగానే ఆమె ముందు అతన్ని చూసింది, తర్వాత జనంలో వెతికి నన్ను చూసింది. మస్కట్ నుంచి వచ్చినందుకు నాకు అది చాలు.

భోజనాలు బంతిలో, అరటాకుల్లో. వడ్డించింది క్యాటరింగ్ వాళ్లు కాదు, ఊరి కుర్రాళ్లే. ఆవ పెట్టిన పనసపొట్టు కూర, కందబచ్చలి, ముద్దపప్పు, దప్పళం. బూరె ఎలా తినాలో పక్కనున్నావిడ నేర్పింది. మధ్యలో వేలితో గుంట చేస్తే, వడ్డించేవాళ్లు అందులో నెయ్యి నిండేదాకా పోస్తారు.

ఆ నేర్పినావిడ గురించే చెప్పాలి. నేను మస్కట్ అనగానే చెయ్యి పట్టుకుని, ఎలా ఉన్నావని అరబీలో, "కైఫ్ హాలిక్?" అంది. యాభై దాటి ఉంటాయి. మస్కట్‌లోనే రువీలో రెండిళ్లలో కలిపి పదకొండేళ్లు పనిచేసి వచ్చిందట. ఈ లంకల నుంచి, రాజోలు, నరసాపురం చుట్టుపక్కల నుంచి గల్ఫ్‌కి ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లు చాలామంది ఉన్నారు. మా స్కూలు దగ్గర సాయంత్రాలు పిల్లల బ్యాగులు మోస్తూ కనిపించేవాళ్లతో నేను తెలుగులో రెండు మాటలు మాట్లాడి వెళ్లిపోయేదాన్ని. ఏ ఊరని ఎప్పుడూ అడగలేదు.

"మీకెన్ని రోజులిచ్చారండి సెలవు?" అని అడిగింది. రెండు రోజులు, ఎంతో బతిమాలితే, అన్నాను.

"నయమండి. నా కూతురి పెళ్లికి నాకివ్వలేదు. ఫోన్లో చూశాను. తాళి కట్టే వేళకి సిగ్నల్ పోయింది."

ఆవిడ ఇప్పుడు ఊళ్లో ఏ పెళ్లయినా వదలదట. తలంబ్రాల దాకా మండపం ముందు వరసలోనే నిలబడింది. నేను పక్కనే ఉన్నాను.

శుక్రవారం పొద్దున్నే అంతర్వేది వెళ్లాం. క్యూ అప్పటికే రోడ్డు దాకా వచ్చేసింది, లోపలి దర్శనం నా రైలుకి కుదిరేలా లేదు. గోపురానికి దండం పెట్టుకుని, 2020లో పాతది కాలిపోయాక చేయించిన కొత్త రథం చూసి, అన్నాచెల్లెళ్ల గట్టుకి వెళ్లాను. నది నీళ్లూ సముద్రం నీళ్లూ అక్కడ రంగు తేడాతో కలుస్తాయి. తీరిగ్గా దర్శనం కావాలనుకునేవాళ్లు తీర్థం వారం కాకుండా రండి.

తిరుగుప్రయాణానికి చించినాడ చుట్టూ తిరగకుండా సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బండ్లని కూడా మోసే పెద్ద పడవ, ఎక్కి నరసాపురం వైపు దాటాను. బైకులు, కార్లు, జనం అందరూ ఒకే బల్ల మీద. వంతెన మీద రెండు నిమిషాల్లో దాటేసే నదిని అక్కడ నిలబడి చూస్తాం. టైం ఉంటే పంటే ఎక్కండి.

బయల్దేరేముందు, బూరె తినడం నేర్పినావిడ రెండు పెట్టెలు తెచ్చింది. ఆత్రేయపురం పూతరేకులు. ఒకటి మా స్టాఫ్ రూంకి, ఒకటి రువీలో ఇంకా పనిచేస్తున్న తన తోడికోడలికి. పెళ్లికూతురి అమ్మగారిచ్చిన ఎండుకొబ్బరి మాత్రం హైదరాబాదులోనే చెల్లెలింట్లో వదిలేశాను. నూనె ఎక్కువని విమానంలోకి రానివ్వరు. పూతరేకులు లగేజీలో వేస్తే పొడి అవుతాయి, ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

తర్వాత శుక్రవారం ఆ తోడికోడలిని రువీలో ఒక షాపు ముందు కలిశాను. వాళ్లింటి యజమానురాలు లోపల సామాన్లు కొంటోంది, పది నిమిషాలే టైం. అక్కడే నిలబడి పెట్టె మూత తీసి చూసుకుంది. ఒక్కటీ విరగలేదు. మూత పెట్టేసి అడిగింది:

"పెళ్లిలో కందబచ్చలి పెట్టారాండీ?"