హ్యాండ్స్‌ఫ్రీ డయలింగ్: మూడేళ్ల వాడకం తర్వాత

పేరు పలకగానే కాల్ కలిస్తే డ్రైవింగులో దీన్ని మించిన సౌకర్యం లేదు. అదే, పేరు సరిగా వినపడక "ఏ సురేష్? ఇంటి నంబరా, మొబైలా? ఏ సిమ్ నుంచి?" అని ఫోను ఆరా తీయడం మొదలుపెడితే, చేత్తో నొక్కుకుంటేనే త్వరగా అయ్యేదనిపిస్తుంది. అలా అనిపించిన మరుక్షణం చెయ్యి ఫోను మీదికి పోతుంది. అసలు ప్రమాదం అక్కడుంది. అందుకే మూడేళ్లుగా స్టీరింగ్ బటన్, ఫోనులోని వాయిస్ అసిస్టెంట్, ఫోనును కారు స్క్రీన్ మీద చూపించే ఆండ్రాయిడ్ ఆటో, కార్‌ప్లే, ఒంటిచెవి బ్లూటూత్ అన్నీ వాడాక నేను చూసే కొలత ఒక్కటే: మొదటిసారి పలికినప్పుడే కాల్ వెళ్లిందా, లేదా. ఈ లెక్కన చూస్తే పరికరం ఏ కంపెనీది అన్నదానికంటే కాంటాక్టుల జాబితా ఎంత శుభ్రంగా ఉందన్నదే ఎక్కువ తేడా చూపించింది.

జాబితాలో పైన కనపడాలని చాలామంది "ఏఏ అమ్మ" అని దాచుకుంటారు. వేలితో వెతుక్కోవడానికి అది బాగానే ఉంటుంది కానీ, గొంతుతో పిలిచేటప్పుడు ముందు తగిలించిన ఆ అక్షరాలే అడ్డం పడతాయి. చుక్కలు, ఎమోజీలు, "రవి 2", "రవి కొత్త నంబరు" కూడా ఇదే బాపతు. జాబితాలో రవి ఒక్కడే ఉంటే ఇబ్బంది లేదు. నలుగురుంటే పిలిచిన ప్రతిసారీ ఎదురుప్రశ్న తప్పదు. ఇంటిపేరు మనకే ఓ పట్టాన గుర్తుకు రాదు కాబట్టి వృత్తి తగిలించడం మేలు: రవి మెకానిక్, రవి ప్లంబర్. పొడుగు పేరును యంత్రం పొట్టి పేరు కంటే బాగా పట్టుకుంటుంది. రెండక్షరాల పేరులో సగం టైర్ల రొదలోనే కలిసిపోతుంది.

లిపి సంగతి ఇంకాస్త చిక్కు. అసిస్టెంటును ఇంగ్లిష్‌లో పెట్టుకుని పేర్లు తెలుగు లిపిలో రాసుకుంటే రెండూ తరచుగా కలవవు. పైగా తెలుగు ఫాంటు లేని కారు స్క్రీన్ల మీద ఆ పేర్లు ఖాళీ డబ్బాలుగా కనిపిస్తాయి. పేరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాసి, ఉచ్చారణ తేడాగా ఉన్నవాటికి కాంటాక్టు ఎడిట్ చేసే చోట ఉచ్చారణ గడిని నింపడం నాకు బాగా కుదిరింది. ఐఫోన్‌లో "యాడ్ ఫీల్డ్" నొక్కితే, గూగుల్ కాంటాక్ట్స్‌లో మరిన్ని గడులు తెరిస్తే అది కనిపిస్తుంది. అక్కడ స్పెల్లింగు చూసుకోనక్కర్లేదు, చెవికి ఎలా వినపడితే అలా రాయాలి.

ఒకే మనిషికి రెండు మూడు నంబర్లుంటే ఒకదాన్ని డిఫాల్టుగా పెట్టేయాలి. ఆండ్రాయిడ్‌లో కాంటాక్టు తెరిచి, కావలసిన నంబరును నొక్కి పట్టుకుంటే ఆ వీలు వస్తుంది. ఐఫోన్‌లో కాంటాక్టు పేజీలోని కాల్ బటన్‌ను నొక్కి పట్టుకోవాలి. రెండు సిమ్‌లున్న ఫోనులో "ప్రతిసారీ అడుగు" అన్న సెట్టింగు ఉందంటే హ్యాండ్స్‌ఫ్రీ అన్న మాటకే అర్థం లేదు. కాల్స్ కోసం ఒక సిమ్‌ను ఖాయం చేసేయండి. సిమ్‌లో ఒకటి, ఖాతాలో ఒకటి, పాత ఫోను నుంచి వచ్చింది ఇంకొకటి అంటూ ఒకే పేరు మూడుసార్లు ఉంటే వాటిని కలిపేయాలి. గూగుల్ ఖాతాలో ఉన్నవాటికి గూగుల్ కాంటాక్ట్స్‌లోని "మెర్జ్ అండ్ ఫిక్స్" ఈ పని ఒకేసారి చేస్తుంది.

తర్వాత ఫోను లాక్. ఇంట్లో చక్కగా పలికిన అసిస్టెంటు రోడ్డెక్కాక మూగబోయిందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఐఫోన్‌లో లాక్ అయి ఉన్నప్పుడు దాని అసిస్టెంటు సిరిని అనుమతించే స్విచ్ వేసి ఉండాలి. ఆండ్రాయిడ్‌లో లాక్ స్క్రీన్ మీద అసిస్టెంటు స్పందించే సెట్టింగు చూడాలి. బ్యాటరీ సేవర్ కూడా వెనక నడిచే యాప్‌లను పడుకోబెడుతుంది కాబట్టి దాన్నీ ఓ కంట కనిపెట్టాలి.

స్టీరింగ్ మీది మాట బటన్ విషయంలో చాలామందికి తెలియనిది ఒకటుంది. ఎన్నో కార్లలో ఆ బటన్‌ను కొద్దిగా నొక్కితే కారు సొంత వాయిస్ వ్యవస్థ, ఎక్కువసేపు పట్టుకుంటే ఫోనులోని అసిస్టెంటు లేస్తాయి. రెండూ ఒకటి కావు. కారు సొంతది మొండిది, అది కోరే వరసలోనే చెప్పాలి: ముందు "కాల్", తర్వాత పేరు, ఆపైన "మొబైల్". ఫోనుది మనం ఎలా మాట్లాడినా అర్థం చేసుకుంటుంది గానీ, చాలా ఫోన్లలో మాటను సర్వరుకు పంపి తేల్చుకుంటుంది. డేటా అందని చోట కాల్ వెళ్లేంత సిగ్నల్ ఉన్నా అసిస్టెంటు చేతులెత్తేసేది ఇందుకే. ఐఓఎస్ 15 నుంచి, ఏ12 చిప్పు లేదా ఆపై చిప్పు ఉన్న ఐఫోన్లు కొన్ని భాషల్లో మాటను ఫోనులోనే గుర్తిస్తాయి. మిగతావాళ్లు డేటా పోయే దారుల కోసం కారు సొంత వ్యవస్థను కూడా అలవాటు చేసుకుని ఉంచుకోవడం మంచిది. అది తనలో దాచుకున్న ఫోన్‌బుక్‌తోనే పని కానిస్తుంది.

ఆ ఫోన్‌బుక్ కారులోకి రావాలంటే జత చేసేటప్పుడు కాంటాక్టుల అనుమతి అడిగినప్పుడు "అలౌ" నొక్కాలి. తొందరలో వద్దని నొక్కేస్తే కాల్స్ వస్తాయి, పాటలు వస్తాయి, పేర్లు మాత్రం రావు. అప్పుడు ఫోనులో కారును, కారులో ఫోనును రెండువైపులా తీసేసి మళ్లీ జత చేస్తే సరిపోతుంది. ఒకవైపే తీసేస్తే పాత గొడవే తిరగబెడుతుంది. నిన్న రాసుకున్న కొత్త నంబరు ఇవాళ కారుకు తెలియకపోతే బ్లూటూత్ ఆపి మళ్లీ కలపండి.

ఇక చెవి, గొంతు. బ్లూటూత్ హ్యాండ్స్‌ఫ్రీలో పాత పద్ధతి శబ్దాన్ని సెకనుకు 8,000 సార్లు కొలుస్తుంది. అంటే 4 కిలోహెర్ట్‌జ్ పైన ఉన్నదేదీ చేరదు. 2011లో వచ్చిన హ్యాండ్స్‌ఫ్రీ ప్రమాణం 1.6 వెర్షన్ దాన్ని 16,000కు పెంచింది. స శబ్దం బలం ఎక్కువగా, శ, ష శబ్దాల బలం కొంతవరకు ఆ పైభాగంలోనే ఉంటుంది. పాత స్టీరియోలో శైలజ, సరళ లాంటి పేర్లు ఎక్కువ తికమక పెడుతున్నాయంటే తప్పు మీ ఉచ్చారణది కాకపోవచ్చు. రెండువైపులా కొత్త వెర్షన్ ఉంటేనే ఈ లాభం దక్కుతుంది. ఫోను కొత్తది, స్టీరియో పాతది అయితే ఫలితం పాతదే.

మైకు చోటు దీనికంటే ముఖ్యం. విడిగా కొని బిగించిన స్టీరియోలకు చిన్న తీగ మైకు వస్తుంది. బిగించేవాళ్లు తరచుగా దాన్ని స్టీరియో వెనకాలే వదిలేస్తారు. తీగను అద్దం పక్క స్తంభం వెంట పైకి లాగి, ఎండ తెర దగ్గర నోటికి ఎదురుగా క్లిప్పు పెడితే అదే మైకు వేరే మైకులా పనిచేస్తుంది. ఏసీ గాలి నేరుగా దాని మీదికి కొట్టకూడదు. డయల్ చేసే ముందు బ్లోయర్ ఒకటి రెండు మెట్లు తగ్గించడం, అద్దాలు ఎక్కించడం కూడా పనికొస్తాయి. అవతలివాళ్లకు వాళ్ల గొంతే తిరిగి వినపడుతోందంటే మన స్పీకరు శబ్దం మన మైకులోకి పోతోందని అర్థం. కాల్ నడుస్తుండగా కారు వాల్యూమ్ తగ్గించాలి. పాట నడిచేటప్పుడు తగ్గిస్తే లాభం లేదు, చాలా కార్లలో రెండింటి వాల్యూమ్ వేర్వేరు.

ఒంటిచెవి బ్లూటూత్ గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. మైకు నోటికి దగ్గరగా ఉంటుంది కనుక పేర్లు బాగానే పట్టుకుంటుంది, బ్యాటరీ మాత్రం అవసరానికే అయిపోతుంది. చాలా మోడళ్లలో రెండుసార్లు నొక్కితే చివరగా చేసిన నంబరుకు మళ్లీ కాల్ వెళ్లిపోతుంది. చెవిలో సర్దుకోబోయి ఎవరికో కాల్ కలపడం దీంతో మామూలే. హెల్మెట్‌కీ చెవికీ మధ్య ఫోను దూర్చి హ్యాండ్స్‌ఫ్రీ అనుకునేవాళ్లకు ఒక్క మాట: అది జారిన క్షణాన చెయ్యి హ్యాండిల్ మీద ఉండదు.

నంబరును అంకెల్లో చెప్పి డయల్ చేయించడం నేను మానేశాను. మధ్యలో ఊపిరి తీసుకుంటే నంబరు అయిపోయిందనుకుని ఫోను కాల్ కలిపేస్తుంది. ఒక్క అంకె తప్పితే మొత్తం మళ్లీ మొదటికి. కొత్త నంబరైతే బండి ఆపి పేరుతో దాచుకోవడమే.

ఇంతా సరిచేసుకున్నాక మిగిలేది కాలం లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013 మార్గదర్శకాల్లో కారు స్క్రీన్ల వైపు ఒక్కో చూపు 2 సెకన్లు, ఒక పనికి రోడ్డు నుంచి చూపు తిప్పే మొత్తం సమయం 12 సెకన్లు దాటకూడదంది. ఆ 2 సెకన్లంటే 33 మీటర్లు. గొంతుతో చేస్తే కళ్లు రోడ్డు మీదే ఉంటాయి, నిజమే. మనసు ఎక్కడుంటుందన్నది వేరే లెక్క. యూటా విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త డేవిడ్ స్ట్రేయర్ బృందం అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏకి చెందిన ఫౌండేషన్ కోసం చేసి 2015లో వెలువరించిన పరిశోధనలో, కొన్ని కార్ల వాయిస్ వ్యవస్థలు వాడాక పరధ్యానం 27 సెకన్ల వరకు మిగిలే ఉందని తేలింది. ఆ లోపు బండి 450 మీటర్లు పోయి ఉంటుంది. అందుకే నేను పెట్టుకున్న కట్టుబాటు: ఒక్కసారే పలకాలి, తప్పు వింటే రద్దు చేసి వదిలేయాలి. కూడలి దగ్గర, లేన్ మారేటప్పుడు, వానలో అసలు పలకనే కూడదు.

వారానికి ఎక్కువసార్లు పిలిచే పది పేర్లు రాసుకుని, బండి ఆగి ఉండగా ఇంజన్, ఏసీ వేసి ఒక్కొక్కటే పలికి చూడండి. తప్పిన పేరును అక్కడికక్కడే మార్చేయండి. అరగంట పని. ఫోను మార్చినప్పుడల్లా మళ్లీ చేయాలి.

బండి అమ్మేటప్పుడు, అద్దె కారు తిరిగి ఇచ్చేటప్పుడు ఫోనులో కారు పేరు చెరిపేస్తే చాలదు. కారు సెట్టింగుల్లోకి వెళ్లి జత చేసిన ఫోన్ల జాబితా నుంచి మీ ఫోనును తీసేయాలి, ఫ్యాక్టరీ రీసెట్ ఉంటే అదీ నొక్కాలి. లేకపోతే మీరు ఇన్నాళ్లూ శుభ్రం చేసుకున్న పేర్లు, నంబర్లు తర్వాత ఎక్కినవాళ్ల కంటపడొచ్చు.