గ్యాస్ నింపనన్న ఏసీ మెకానిక్: బల్లార్షాలో కారు ఏసీ చూపించాలంటే

కారు ఏసీ చల్లగా రావట్లేదని మా మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఏ వర్క్‌షాపుకు పోయినా మొదట వినిపించేది ఒకటే మాట: "గ్యాస్ అయిపోయింది, నింపేద్దాం". ఆ మాట అనని మెకానిక్ నాకు తెలిసి ఒక్కడే ఉన్నాడు. బల్లార్షా నుంచి రాజురా పోయే దారిలో, వర్ధా వంతెన రాకముందే కనిపించే రేకుల షెడ్డు అతనిది. బోర్డు మీద 'కార్ ఏసీ' అని మరాఠీ అక్షరాల్లో ఉంటుంది తప్ప షాపుకి పేరంటూ లేదు. మనిషిది మంచిర్యాల వైపు. వచ్చినవాళ్లను బట్టి హిందీ, మరాఠీ, తెలుగు మార్చి మార్చి మాట్లాడుతుంటాడు.

నా బండి పాత హ్యాచ్‌బ్యాక్. చేత్తో తిప్పే నాబ్‌లే. రోజూ సాస్తి వైపు బొగ్గు గనికి డ్యూటీకి పోయి వచ్చే బండి కాబట్టి దాని బతుకంతా బొగ్గు లారీల వెనకే. ఊళ్లో నేను మొదట్నుంచీ చూపించే వర్క్‌షాపులో ప్రతి వేసవికీ గ్యాస్ నింపడం, జూన్ వచ్చేసరికి మళ్లీ వేడిగాలి రావడం. మే నెలలో ఎండ 45 డిగ్రీలు దాటే ఊళ్లో ఇది చిన్న కష్టం కాదు. అడిగితే "ఇక్కడి ఎండలకు అంతే సార్" అనేవాళ్లు.

ఇతని దగ్గర బానెట్ ఎత్తగానే అదే మాట చెప్పాను, గ్యాస్ నింపమని. "గ్యాస్ ఏమన్నా పెట్రోలా సార్, కాలి అయిపోనీకి? పైపులల్లనే తిరుగుతుంటది. తగ్గిందంటే ఎక్కడో కారుతున్నట్టే. ముందుగాల అది చూడాలె కదా" అన్నాడు. రబ్బరు గొట్టాల్లోంచి ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా పోవడం మామూలేనట. ఏటా నింపాల్సి వస్తోందంటే మాత్రం లీకే.

గ్యాస్ ఒత్తిడి చూపించే నీలం గేజీ, ఎర్ర గేజీ తగిలించి ఇంజిన్ ఆన్ చేయించాడు. గ్యాస్ తక్కువైతే రెండు ముళ్లూ కిందే ఉండిపోతాయి. నా బండికి ఎర్ర ముల్లు ఉండాల్సిన దానికన్నా పైకి ఎగబాకింది. అంటే గ్యాస్‌కు లోటేమీ లేదు. ముందు భాగంలో రేడియేటర్‌కు ఆనుకుని ఉండే కండెన్సర్ వేడిని బయటికి వదల్లేకపోతోంది. టార్చ్ వేసి చూపించాడు. సన్నటి అల్యూమినియం రెక్కల మధ్య బొగ్గు మసి, చచ్చిన పురుగులు, మట్టి కలిసి పేరుకుపోయి ఉన్నాయి. "లారీల వెనక ఆగినప్పుడు చల్లదనం పోయి, బండి కదలంగనే మళ్ల వస్తుందా?" అని అడిగాడు. సరిగ్గా అంతే జరిగేది. బండి ఆగి ఉన్నప్పుడు కండెన్సర్‌కు ఫ్యాన్ గాలి ఒక్కటే దిక్కు, పైగా గ్యాస్‌ను నొక్కి పైపుల్లో తిప్పే కంప్రెసర్ కూడా నెమ్మదిగా తిరుగుతుంది. అందుకే లోపం ముందు అక్కడే బయటపడుతుంది.

కడగడం కూడా కార్ వాష్‌లో చేసినట్టు కాదు. అక్కడి ప్రెషర్ గన్ నీళ్లకు ఆ రెక్కలు వంగిపోతే గాలి దారి ఇంకా మూసుకుపోతుంది. ఇతను ముందున్న గ్రిల్ విప్పి, మామూలు గొట్టంతో ఇంజిన్ వైపు నుంచి బయటికి నీళ్లు పట్టాడు, చాలాసేపు. కిందికి నల్లటి నీళ్లు కారుతూనే ఉన్నాయి.

తర్వాత డాష్‌బోర్డు అర ఊడదీసి క్యాబిన్ ఫిల్టర్ లాగాడు. తెల్లగా ఉండాల్సింది. పాత పేపర్ మీద ఒక్కసారి తట్టేసరికి గుప్పెడు నల్లపొడి, దాంతోపాటు వేపాకులు కూడా రాలాయి. బ్లోయర్ నాలుగో నంబర్లో పెట్టినా గాలి ఎందుకు రావట్లేదో అప్పుడు అర్థమైంది. కొత్త ఫిల్టర్‌కు మూడువందల యాభై, కండెన్సర్ కడిగినందుకు ఐదొందలు. గ్యాస్‌కు సున్నా. చివర్లో మధ్య వెంట్‌లో థర్మామీటర్ గుచ్చి, బండి ఎండలోనే ఉంచి అంకె నాకే చూడమన్నాడు. తొమ్మిదికి కాస్త అటూఇటూగా ఆగింది. డబ్బు తీసుకునేముందు ఇలా కొలిచి చూపించిన వర్క్‌షాపు నాకింతకు ముందు తగల్లేదు.

మనిషికి మాట్లాడే జబ్బుంది. కానీ ఆ మాటల్లోనే చాలా నేర్చుకున్నాను. నాబ్‌ల కార్లలో నీలం నుంచి ఎరుపుకు తిప్పే నాబ్ చల్లదనాన్ని తగ్గించదట. లోపల ఒక ఫ్లాప్ తెరుచుకుని, ఇంజిన్ నీళ్ల వేడితో నడిచే హీటర్ గాలిని చల్లగాలిలో కలుపుతుంది. ఏసీ పనంతా చేశాక మనమే వేడి కలుపుకుంటున్నామన్నమాట. కాబట్టి ఎండాకాలం నాబ్ పూర్తిగా నీలం కొసన పెట్టి, మరీ చల్లనిపిస్తే బ్లోయర్ తగ్గించుకోమన్నాడు. నాబ్ కొసన ఉన్నా గోరువెచ్చగా వస్తోందంటే ఆ ఫ్లాప్ సరిగ్గా మూసుకోవట్లేదేమో చూడాలి. దానికీ గ్యాస్‌కూ సంబంధం లేదు.

లోపలి గాలినే తిప్పే బటన్, అదే కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరిగి ఉంటుందే, దాని గురించి ఇంట్లో మాకు రోజూ గొడవే. మా ఆవిడకు అది వేస్తే తలనొప్పి, నాకు తీస్తే చెమట. ఇద్దరిదీ నిజమే అని తేల్చాడు. ఎండలో నిలిపిన బండి ఎక్కగానే అద్దాలన్నీ దించి కొంచెం దూరం నడిపితే లోపలి సెగ పోతుంది. ఆ తర్వాత అద్దాలెత్తి ఆ బటన్ వేస్తే, ఒకసారి చల్లబడిన గాలే మళ్లీ చల్లబడుతుంది కాబట్టి త్వరగా హాయిగా ఉంటుంది. గంటల తరబడి అలాగే ఉంచితే మాత్రం మనం వదిలిన గాలే లోపల పేరుకుని మత్తుగా, నిద్ర వచ్చేట్టు ఉంటుంది. మంచిర్యాల దాకా పోయేటప్పుడు మధ్యమధ్యలో తీసేస్తే చాలు. లారీ పొగలోకి దూరే ముందు మాత్రం నేను మళ్లీ వేస్తాను, మా ఆవిడ ఏమన్నా సరే.

వానాకాలం సంగతి వేరు. మంచిర్యాల దారిలో వాంకిడి దాటాక జోరువానలో అద్దం లోపలి వైపు మసకబారితే చాలామంది ఏసీ ఆపేస్తారు. చేయాల్సింది ఏసీ వేసి, బయటి గాలి తీసుకుంటూ, అద్దం వైపు ఊదించడం. కూలింగ్ కాయిల్ గాలిలోని తేమను నీళ్లుగా మార్చేస్తుంది. బండి కింద చుక్కలు చుక్కలుగా పడేది ఆ నీళ్లే. అవి బయట పడకుండా లోపల పక్క సీటు కాళ్ల దగ్గర చేరితే డ్రెయిన్ పైపు మూసుకుందని అర్థం. ఉక్కపోత రోజుల్లో మసక బయటి వైపు పట్టిందంటే, ఫ్రిజ్‌లోంచి తీసిన సీసాకు చెమట పట్టినట్టు అద్దం మరీ చల్లబడిందన్నమాట. అప్పుడు వైపర్ వేసి, గాలిని అద్దం మీద నుంచి మళ్లించాలి.

మా బావమరిది కొత్త కారుకు ఆటో క్లైమేట్ ఉంది, అంటే ఎన్ని డిగ్రీలో పెడితే మిగతాది ఏసీయే చూసుకుంటుంది. 22 పెట్టినా మధ్యాహ్నం చల్లగా ఉండట్లేదని వాడి గోల. వాణ్ని కూడా ఇక్కడికే తీసుకొచ్చాను. మెకానిక్ గేజీలు కూడా తీయలేదు. డాష్‌బోర్డు మీద, ముందు అద్దానికి దగ్గరగా, జరీ గుడ్డ పరిచి కూర్చోబెట్టిన గణపతిని చూసి దండం పెట్టుకుని పక్కకు జరిపాడు. కింద బఠాణీ గింజంత నల్లటి బుడిపె ఉంది. అది ఎండ ఎంత పడుతోందో చూసే సెన్సర్. దానికి గుడ్డ కప్పితే బండి తాను నీడలో ఉన్నాననుకుని బ్లోయర్ తగ్గించేస్తుంది. స్టీరింగ్ పక్కనున్న చిన్న జాలీ లోపలి వేడిని కొలిచేది, దానికి కూడా ఏదీ అడ్డం పెట్టొద్దన్నాడు. ఇంకో మాట, ఆటోలో 24కు బదులు 18 పెడితే ముందే చల్లబడదు. మొదట్లో ఎలాగూ తన శక్తి కొద్దీ పనిచేస్తుంది, 18 పెడితే ఆ హోరు ఇంకా ఎక్కువసేపు సాగుతుంది, అంతే. ఆరోజు పైసా తీసుకోలేదు. గణపతి ఇప్పుడు గేర్ ముందున్న అరలో ఉన్నాడు. మా అత్తగారికి అది ఇంకా నచ్చలేదు.

లోపాలు లేవా అంటే, ఉన్నాయి. కూర్చోవడానికి ఒక్క బెంచీ, అదీ ఎండలోనే. ఇస్తానన్న టైముకు బండి ఇవ్వడు. 2025 నుంచి తయారయ్యే కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి అయ్యాక లారీల పని కూడా ఒప్పుకుంటున్నాడు. ఒక లారీ వచ్చిందంటే కార్లవాళ్ల పని సాయంత్రానికే. ఎలక్ట్రిక్ కార్లను ముట్టడు. వాటి కంప్రెసర్ హైవోల్టేజీ మీద నడుస్తుంది, అందులో ఆయిల్ కూడా వేరు, ఆ సామాను తన దగ్గర లేదని ముందే చెప్పేస్తాడు. ఇదొక్కటీ నేను లోపంగా లెక్కేయను.

మా ఆఫీసు మిత్రుడి బండికి నిజంగానే లీకు దొరికింది, పైపు జాయింటు దగ్గర ఓ-రింగ్ అనే రబ్బరు రింగు. అది మార్చి, పైపుల్లోని గాలి, తేమ పోయేలా అరగంట పైనే వాక్యూమ్ పట్టి, బానెట్ కింద స్టిక్కర్ మీద ఉన్న గ్రాముల ప్రకారం తూకం వేసి గ్యాస్ ఎక్కించాడు. గ్యాస్ ఎక్కువైనా చల్లదనం తగ్గుతుందట. అంతా కలిపి రెండువేల లోపే అయింది.

వెళ్లేవాళ్లు ఫిబ్రవరి, మార్చిలోనే వెళ్లండి. ఏప్రిల్ దాటితే వరుస కట్టాల్సిందే. ఆదివారం షాపు ఉండదు. ఫోన్‌పే తీసుకుంటాడు, కార్డు గీకే మిషన్ లేదు. బిల్లు తనంతట తాను ఇవ్వడు, అడిగి రాయించుకోండి. గ్యాస్ పట్టి ఉంటే ఎన్ని గ్రాములో కూడా అందులోనే వేయించుకోండి.