రెసిడెంట్ ఈవిల్: లెక్క తప్పిన మూడు భాగాలు

1996లో వచ్చిన భయానక వీడియో గేమ్, మొదటి రెసిడెంట్ ఈవిల్‌లో ఆట సేవ్ చేసుకోవాలంటే టైప్‌రైటర్ దాకా వెళ్లాలి, వెళ్లేసరికి చేతిలో ఇంకు రిబ్బన్ ఉండాలి. ఒక్కో సేవ్‌కు ఒక్కో రిబ్బన్ ఖర్చయిపోతుంది. ఆడే పాత్రగా క్రిస్‌ను ఎంచుకుంటే సామాను పెట్టుకోవడానికి ఆరు గడులే ఉంటాయి కనుక, అందులో ఒకటి రిబ్బన్‌కు ఇవ్వాలా, దాని బదులు గాయం మాన్పే మూలిక ఇంకొకటి పట్టుకెళ్లాలా అని తలుపు ముందు నిలబడి ఆలోచించాల్సి వచ్చేది. ఈ శ్రేణిని ఏళ్ల తరబడి ఆడుతూ వచ్చిన నాకు భయమంటే తలుపు ముందు వేసుకునే ఆ లెక్కే. నన్ను నిరాశపరిచిన ఐదో భాగాన్ని, ఆరో భాగాన్ని, మూడో భాగం రీమేక్‌ను ఎన్నిసార్లు మళ్లీ ఆడి చూసినా, వాటిలో నాకు కరువైనదీ అదే.

తుపాకులు ఎక్కువయ్యాయి కనుక ఈ శ్రేణి చెడిపోయిందని చాలామంది అంటారు. ఆ మాటతో నేను ఏకీభవించలేను, ఎందుకంటే 2005లో వచ్చిన నాలుగో భాగం నిండా కాల్పులే. అయితే అందులో కథానాయకుడు లియాన్ తుపాకీ ఎత్తిన మరుక్షణం అతని కాళ్లు ఆగిపోతాయి, నడుస్తూ కాల్చడం కుదరదు. పల్లెలో జనం నలువైపులా ముసురుకుంటుంటే ఇంకో రెండు బుల్లెట్లు కాల్చి నిలబడదామా, వెనక్కి తిరిగి పరుగెత్తుదామా అన్న నిర్ణయం ప్రతి కొన్ని క్షణాలకూ మనమే తీసుకోవాలి. అంటే అక్కడ లెక్క మాయం కాలేదు, రూపం మార్చుకుంది.

2012లో వచ్చిన ఆరో భాగం దగ్గరికి వస్తే, నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించినది అదే. లియాన్, క్రిస్, జేక్‌ల కథలు మూడు, అవి పూర్తయ్యాక తెరుచుకునే ఏడా కథ ఒకటి, మొత్తం నాలుగు కథలు. ఆ తర్వాతి అప్‌డేట్‌లో ఏడా కథను మొదటి నుంచే ఆడుకునే వీలు కల్పించారు, పాత్ర వీపుకు అంటుకున్నట్టుండే కెమెరాను కాస్త వెనక్కి జరుపుకునే సదుపాయమూ ఇచ్చారు. అవి మంచి సవరణలే గానీ అసలు లోపం అక్కడ లేదు. ఇందులో మూలికలను కలిపి మాత్రలుగా మార్చి డబ్బాలో వేసుకుంటాం, దెబ్బ తగిలినప్పుడల్లా ఒక బటన్ నొక్కితే ఒక మాత్ర మింగి ప్రాణంలో ఒక గడి నింపుకుంటాం. పాత భాగాలలో ఒక ఎర్ర మూలిక, ఒక పచ్చ మూలిక దొరికితే వాటిని కలపాలా, పచ్చదాన్ని ఇప్పుడే వాడేయాలా అని తటపటాయించిన చేతికి ఇక్కడ ఆ తటపటాయింపే మిగల్లేదు. ఎర్రదానితో ఒక పచ్చది కలిపితే ఆరు మాత్రలు వస్తాయి, ప్రాణమంతా కలిపి ఉన్నదీ ఆరు గడులే.

దీనికి తోడు, మన చేతిలోని ఆటను మాటిమాటికీ లాగేసుకుని, తెరమీద చూపిన బటన్‌ను నొక్కమనే ఘట్టాలు లెక్కలేనన్ని. లియాన్ కథ తొలి అధ్యాయంలో జాంబీలు చుట్టుముట్టిన కారులో కూర్చుని తాళంచెవి వెతకాలి. మొదటిసారి నిజంగానే నా గుండె దడదడలాడింది. అయితే అది ప్రతిసారీ ఒకేచోట, ముందరి అద్దం పైనున్న ఎండ తెరలోనే దొరుకుతుంది కనుక, రెండోసారి ఆడేవారికి అది వాయిదా చెల్లించినట్టే ఉంటుంది. ఐదో అధ్యాయంలో రెండు ట్రిగ్గర్లను మార్చి మార్చి నొక్కుతూ తీగ పట్టుకుని పైకి ఎక్కే ఘట్టంలో నేను చచ్చినన్నిసార్లు అసలు శత్రువుల చేతిలో చావలేదని చెప్పగలను. ఆ కథలోని ప్రతినాయకుడు సిమన్స్ చచ్చాడనుకున్న ప్రతిసారీ కొత్త ఆకారంలో లేచి వస్తాడు, మూడోసారికే భయం పోయి అలసట మిగులుతుంది.

2009 నాటి ఐదో భాగం గురించి ఇంతగా చెప్పవలసినది లేదు. స్నేహితునితో కలిసి ఆడితే అది చక్కని ఆట. ఒంటరిగా ఆడితే మాత్రం కంప్యూటర్ నడిపే తోడు పాత్ర షేవా చిన్న గాయానికే మూలిక వాడేస్తుంది, మనం దాచుకున్న బుల్లెట్లను దగ్గర పెట్టుకుని ఖర్చు చేస్తుంది. లెక్క ఉంది గానీ, అది మన చేతిలో లేదు.

2020లో వచ్చిన మూడో భాగం రీమేక్ మీద నా ఫిర్యాదు వేరు. చిత్రీకరణలో, తుపాకీ బరువు చేతికి తెలిసేలా చేయడంలో దానికి వంక పెట్టలేం. 1999 నాటి ఆటలో నెమెసిస్ అనే రాక్షసుడు తలుపులు దాటుకుని వెంటబడేవాడు, సేవ్ గది కనబడేదాకా ఊపిరి ఆడేది కాదు. ఉన్నట్టుండి తెర తెల్లబడి రెండు దారులు చూపినప్పుడు తక్షణం ఒకటి ఎంచుకోవాలి, ఆ ఎంపికను బట్టి తర్వాతి సంఘటనలు మారేవి. రీమేక్‌లో ఆ ఎంపికలు తీసేశారు. గడియార స్తంభపు లోపలి గదులు లేవు, పార్కు లేదు. నగర వీధులు దాటాక నెమెసిస్ ఎదురయ్యేవన్నీ ముందే రాసిపెట్టిన పోరాటాలే. మొదటిసారి ఆడినప్పుడు ఆట ఇంత త్వరగా ముగుస్తుందని నమ్మలేక, చివరి పేర్ల జాబితా నడుస్తున్నా ఇంకా ఏదో మిగిలి ఉందనుకుంటూ కూర్చున్నాను.

వీటిని ఇంకా ఆడనివారు ఐదో భాగాన్ని తోడు దొరికినప్పుడు ఆడండి, రీమేక్‌ను 1999 నాటి ఆట పూర్తి చేశాక ఆడండి. ఆరో భాగాన్ని కథ కోసం కొనమని చెప్పలేను గానీ, అందులోని మెర్సెనరీస్ విభాగాన్ని వదులుకోవద్దని మాత్రం గట్టిగా చెబుతాను. అక్కడ పైన గడియారం తరిగిపోతూ ఉంటుంది. తుపాకీ బదులు చేతితో, కాలితో కొట్టి చంపితే ఐదు సెకన్లు కలుస్తాయి, కానీ కొట్టిన ప్రతి దెబ్బకూ స్టామినా ఖర్చవుతుంది. బుల్లెట్ వాడాలా, స్టామినా వాడాలా అని మళ్లీ ఆలోచించాల్సి వస్తుంది. ఆ ఆటను నేను ఇప్పటికీ తీసేయకుండా ఉంచుకున్నది ఆ ఒక్క విభాగం కోసమే.