జాబ్ కార్డులో లేని లోపానికి వారంటీ లేదు

కారు కొనేటప్పుడు షోరూమ్‌లో దొరికే మర్యాదకీ, అదే కారు చప్పుడు చేస్తోందని వర్క్‌షాప్‌కి తీసుకెళ్తే ఎదురయ్యే తీరుకీ పొంతన ఉండదు. డీలర్‌షిప్ సేవలకు మార్కులు వేయాలంటే అమ్మకానికి పదికి ఐదు, వారంటీకి మూడు. అంతకు మించి వేయడానికి మనసు రాదు.

అమ్మకంలో అసలు చిక్కు, డబ్బంతా కట్టించుకున్నాకే బండి చూపించడం. యార్డులో నెలల తరబడి ఎండావానల్లో నిలబడ్డ బండి కూడా పాలిష్ పెడితే కొత్తగానే మెరుస్తుంది. అందుకే పూర్తి సొమ్ము చెల్లించకముందే, రిజిస్ట్రేషన్‌కి వెళ్లకముందే పగటి వెలుతురులో చూపించమని పట్టుబట్టాలి. టైరు పక్కన DOT అక్షరాలతో మొదలయ్యే డాట్ కోడ్ చివర నాలుగు అంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారంలో తయారైందని. స్టెప్నీతో సహా అన్నీ చూడండి, ఒక్కటే వేరే తేదీతో ఉంటే ఎందుకో అడగండి. బండి కొన్ని గంటలు ఆఫ్‌లో ఉన్నాక మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర ఉండాలి. 12.2 చూపిస్తే దాదాపు సగం చార్జే ఉన్నట్టు. చాలాకాలం అలాగే వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి, తర్వాత ఎంత చార్జ్ పెట్టినా ఆ బ్యాటరీ పూర్తిగా కోలుకోదు.

యాక్సెసరీల ప్యాకేజీతో జాగ్రత్త. ఫాగ్ లైట్లకో హారన్‌కో వైరు కోసి టేపు చుట్టారంటే, రేపు ఎలక్ట్రికల్ క్లెయిమ్ తిరస్కరించడానికి ఆ టేపే సాకవుతుంది. బిగించింది వాళ్లే అయినా సరే! వైరు కోయకుండా కప్లర్‌కి కప్లర్ (ప్లగ్‌లా గుచ్చే కనెక్టర్) తగిలేవే తీసుకుని, బిల్లులో పార్ట్ నంబర్ వేయించుకోండి.

ఇక వారంటీ. "ఈ మోడల్‌కి ఇది నార్మలే సార్" అనే మాట వెనక లెక్క ఉంది. వారంటీ పనికి కంపెనీ సాధారణంగా ముందే నిర్ణయించిన గంటలకే డీలర్‌కి డబ్బిస్తుంది. లోపం వెతకడానికి సగం రోజు పట్టినా దానికి వచ్చేది అంతంతమాత్రం. పైగా కంపెనీ ఒప్పుకోక క్లెయిమ్ తిరిగొస్తే ఆ ఖర్చు డీలర్ నెత్తిన పడుతుంది. కాబట్టి తేల్చని లోపమే వాళ్లకు సుఖం.

దీనికి విరుగుడు జాబ్ కార్డు దగ్గరే ఉంది, అంటే బండి అప్పగించేటప్పుడు వర్క్‌షాప్‌లో మీ ఫిర్యాదులు రాసుకునే కాగితం. సర్వీస్ అడ్వైజర్ "నాయిస్ చెక్" అని రెండు ముక్కలు రాస్తాడు. మెకానిక్ వేడి ఇంజిన్‌తో ఒక రౌండు తిప్పి "లోపం కనబడలేదు" అని మూసేస్తాడు. రాయించాల్సింది ఇలా: "రాత్రంతా ఆగిన బండిని ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజిన్ పైభాగం నుంచి టకటక. రెండు నిమిషాల్లో ఆగిపోతుంది." రాత్రి కిందికి జారిన ఆయిల్ మళ్లీ పైకి చేరాక ఆ చప్పుడు పోవచ్చు, అందుకే మధ్యాహ్నం ఎంత వెతికినా దొరకదు. సాయంత్రం బండి అక్కడే వదిలి, పొద్దున మెకానిక్ పక్కన నిలబడి మొదటి స్టార్ట్ చేయించాలి. ఫోన్లో తీసిన వీడియో కూడా ఉంచుకోండి.

చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టి, కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపం కోడ్ చెరిపేసి పంపడం ఇంకో అలవాటు. ఉదాహరణకు పీ0302 అంటే రెండో సిలిండర్‌లో మిస్‌ఫైర్. ఆ క్షణాన వేగం, ఆర్‌పీఎం, కూలెంట్ వేడి ఎంతో ఫ్రీజ్ ఫ్రేమ్ అనే రికార్డులో నమోదై ఉంటాయి. కోడ్ చెరిపితే అవీ పోతాయి, మీ ఆధారమూ పోతుంది. చెరపకముందే తెర ఫొటో తీసుకోండి.

బ్రేక్ ప్యాడ్లు, వైపర్ల వంటి అరిగే భాగాలకు సాధారణంగా వారంటీ వర్తించదు, వాటి మీద వాదించి లాభం లేదు. కానీ గడువులోపు రాయించిన లోపం గడువు దాటాక తిరగబెడితే, పాత జాబ్ కార్డే మీ చేతిలో ఉన్న బలం. తేదీ, ఓడోమీటర్ రీడింగ్ అందులో ఉన్నాయో లేదో చూసుకోండి. లోపం మిగిలే ఉంటే "పరిష్కారమైంది" అన్న చోట సంతకం చేయకండి. "ఫిర్యాదు అలాగే ఉంది" అని మీ చేత్తో రాసి, దాని కింద సంతకం పెట్టి, కాపీ తీసుకునే బయటికి రండి.