మురుగునీటి శుద్ధికి గ్రాంటు మేలా, అప్పు మేలా?

మురుగునీటిని శుద్ధి చేయకుండా నదుల్లోకి వదలరాదని 1972 నాటి స్వచ్ఛ జల చట్టం అమెరికా పట్టణాలను శాసించినప్పుడు, ఫెడరల్ ప్రభుత్వం ఆ భారంలో పాలు పంచుకుని, శుద్ధి కేంద్రం నిర్మాణ వ్యయంలో 75 శాతం దాకా గ్రాంటుగా ఇచ్చింది. 1981 సవరణతో ఆ వాటా 55 శాతానికి తగ్గింది. 1987 సవరణ గ్రాంట్లను క్రమంగా ఎత్తివేసి, రాష్ట్రాలు నడిపే రివాల్వింగ్ నిధి నుంచి తక్కువ వడ్డీకి రుణాలిచ్చే పద్ధతిని తెచ్చింది. ఆదేశం మాత్రం సడలలేదు.

అప్పు పద్ధతిలో మంచి లేకపోలేదు. ఒక ఊరు తిరిగి కట్టిన వాయిదాలే మరో ఊరికి రుణమవుతాయి. తీర్చవలసింది తామే కనుక అవసరానికి మించిన కట్టడానికి ఎవరూ తొందరపడరు.

అయితే చిన్న ఊళ్ల లెక్క వేరు. వెయ్యి ఇళ్ల ఊరు కోటి డాలర్లతో శుద్ధి కేంద్రం కట్టిందనుకుందాం. 75 శాతం గ్రాంటు వస్తే ఇంటికి 2,500 డాలర్లు పడుతుంది. అంతా అప్పే అయితే 10,000 డాలర్లు, దానిపై వడ్డీ. ఈ మొత్తం నెలనెలా నీటి బిల్లులోకే చేరుతుంది, పింఛను మీద బతికే ఒంటరి వృద్ధురాలి బిల్లులోకి కూడా. ఇదే ఖర్చును లక్ష ఇళ్ల నగరం పంచుకుంటే ఇంటికి వంద డాలర్లే.

ఖర్చుకు నిధులివ్వకుండా ఫెడరల్ ప్రభుత్వం రాష్ట్రాలు, పట్టణాలపై మోపే ఆదేశాల గురించి 1995లో వచ్చిన చట్టం ఇక్కడ పెద్దగా ఆదుకోదు. కొత్త శాసన ప్రతిపాదనల ఖర్చును ముందుగా అంచనా వేయమంటుందే గానీ, పాత ఆదేశాలకు డబ్బు ఇమ్మనదు. అందుకే పెద్ద నగరాలకు అప్పు సబబే అనిపించినా, చిన్న ఊళ్లకు గ్రాంటే న్యాయమని నా దృఢాభిప్రాయం.