తక్కువ డబ్బుతో హోమ్ థియేటర్: యమహా ఆర్‌ఎక్స్‌-వి385 తీసుకోవాలా, ఆర్‌ఎక్స్‌-వి4ఎ తీసుకోవాలా?

హోమ్ థియేటర్ కోసం పక్కన పెట్టిన డబ్బు తక్కువైనప్పుడు అందులో రిసీవర్‌కు (టీవీ, ప్లేయర్ల ధ్వనిని అందుకుని, శక్తి పెంచి స్పీకర్లకు పంపే పెట్టెకు) ఎంత, స్పీకర్లకు ఎంత అన్నది ముందే తేల్చుకోవాలి. నేను చాలా రోజులు ఎటూ తేల్చుకోలేకపోయింది యమహా వారి రెండు రిసీవర్ల మధ్య. ఒకటి 2018లో వచ్చిన ఆర్‌ఎక్స్‌-వి385, రెండవది 2020లో వచ్చిన ఆర్‌ఎక్స్‌-వి4ఎ. మొదటిదానిని నేను కొన్నాను. రెండవది ఒక మిత్రుడిది, పది రోజులు నా దగ్గర ఉంచాడు. అదే గదిలో, అవే ఐదు స్పీకర్లతో, శబ్దస్థాయి సమానంగా ఉండేలా సరిచూసుకుని రెండింటినీ మార్చి మార్చి విన్నాను. వినికిడిలో పట్టుకోగలిగిన తేడా నాకు దొరకలేదు. తేడా అంతా సౌకర్యాలలో ఉంది, ఆ సౌకర్యాలు ఎవరికి అవసరమన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

రిసీవర్ అనగానే చాలామంది మొదట అడిగేది వాట్ల గురించి. ఆరు ఓంల స్పీకర్లతో, రెండు ఛానెళ్లు మాత్రమే పనిచేస్తుండగా, 20 హెర్ట్జ్ నుండి 20 కిలోహెర్ట్జ్ వరకు కొలిస్తే వి385 ఛానెల్‌కు 70 వాట్లు ఇస్తుంది, వి4ఎ 80 ఇస్తుంది. ఆ పది వాట్ల తేడా చెవి దగ్గరకు వచ్చేసరికి అర డెసిబెల్ పైచిలుకు మాత్రమే. శక్తి రెట్టింపైతే గాని 3 డెసిబెళ్లు పెరగవు. స్పీకర్ల సెన్సిటివిటీ (ఇచ్చిన శక్తికి స్పీకర్ ఎంత బిగ్గరగా మోగుతుందన్న కొలత) 86 డెసిబెళ్ల నుండి 89కి మారితే రిసీవర్ శక్తి రెట్టింపైనంత ఫలితం దక్కుతుంది, కనుక వాట్ల కోసం పెట్టే డబ్బు స్పీకర్లకు పెట్టడమే మేలు. వి385 గురించి కొన్నిచోట్ల 135 వాట్లు అని కూడా కనిపిస్తుంది. అది ఒకే ఛానెల్‌ను, ఆరు ఓంల వద్ద, 1 కిలోహెర్ట్జ్ స్వరంతో, 10 శాతం డిస్టార్షన్ (ధ్వని చెడిపోవడం) వచ్చేదాకా తోసి కొలిచిన అంకె. సినిమా చూసేవారు దానిని లెక్కలోకి తీసుకోనక్కరలేదు.

నిర్ణయం నిజంగా తేలేది వెనుకవైపున్న హెచ్‌డీఎంఐ సాకెట్ల దగ్గర. రెండింటికీ నాలుగు ఇన్‌పుట్లు, ఒక అవుట్‌పుట్ ఉన్నాయి. వి385 సెకనుకు 60 ఫ్రేముల 4కే చిత్రాన్ని, వెలుగునీడలను మెరుగ్గా చూపే హెచ్‌డీఆర్10, డాల్బీ విజన్‌లతో సహా టీవీకి అందిస్తుంది. బ్లూ-రే ప్లేయర్‌ను నేరుగా రిసీవర్‌కే తగిలిస్తే డిస్కులలో నాణ్యత తగ్గకుండా ఉండే ధ్వని రూపాలైన డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో రెండింటినీ డీకోడ్ చేస్తుంది. టీవీలోని యాప్‌ల నుండి సాధారణంగా వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్ అనే కుదించిన ధ్వని, దానికి మామూలు ఆర్క్ (టీవీ ధ్వనిని హెచ్‌డీఎంఐ వైరు గుండానే రిసీవర్‌కు వెనక్కి పంపే ఏర్పాటు) సరిపోతుంది. చిక్కు వచ్చేది ఆటల కన్సోల్‌ను టీవీకి తగిలించినప్పుడు. కుదించని పీసీఎం ధ్వనిని ఆర్క్ రెండు ఛానెళ్ల మేరకే మోయగలదు, కాబట్టి ఐదు స్పీకర్లున్నా స్టీరియోనే వినిపిస్తుంది. కన్సోల్ సెట్టింగులలో ధ్వనిని డాల్బీ డిజిటల్‌కు మార్చి, టీవీ కూడా దానిని అలాగే పంపితే ఐదు ఛానెళ్లూ వస్తాయి. వి4ఎలో ఆర్క్‌కు మెరుగైన రూపమైన ఇ-ఆర్క్ ఉన్నందున, టీవీలో కూడా అది ఉంటే, ఈ తిప్పలు ఉండవు. సెకనుకు 120 ఫ్రేముల 4కే చిత్రం కూడా దాని గుండా వెళ్తుంది. అయితే మొదట్లో తయారైన వి4ఎ యూనిట్లలో ఈ 120 ఫ్రేముల విషయంలో లోపం బయటపడి, యమహా తరువాత హెచ్‌డీఎంఐ బోర్డును మార్చి ఇచ్చింది; వాడిన యూనిట్ కొనేవారు ఆ మార్పు జరిగిందో లేదో తప్పక అడగాలి.

శబ్దం తల పైనుండి కూడా వచ్చినట్టు వినిపించే డాల్బీ అట్మాస్ ఈ రెండింటిలోనూ లేదు. అది కావలసినవారు ఏడు ఛానెళ్ల ఆర్‌ఎక్స్‌-వి6ఎ వైపు వెళ్లాలి. కానీ ఏడు నాసిరకం స్పీకర్ల కంటే ఐదు మంచి స్పీకర్లే నాకు ఇష్టం.

వి385లో బ్లూటూత్ ఒక్కటే ఉంది, ఇంటి నెట్‌వర్క్‌తో దానికి సంబంధం లేదు. వి4ఎలో వైఫై, ఆపిల్ పరికరాల నుండి పాటలు పంపే ఎయిర్‌ప్లే 2, ఇంటి నెట్‌వర్క్ మీద స్పీకర్లను కలిపే యమహా సొంత మ్యూజిక్‌కాస్ట్ ఉన్నాయి. మ్యూజిక్‌కాస్ట్ 20 లేదా 50 స్పీకర్లను వైరు లేకుండా వెనుక స్పీకర్లుగా పెట్టుకోవచ్చు, వాటికి దగ్గరలో కరెంటు ప్లగ్గు ఉంటే చాలు. రోజంతా పాటలు పెట్టుకునే ఇంట్లో ఇది చిన్న లాభం కాదు.

రెండింటితోనూ వచ్చే, గదిలో ధ్వనిని కొలిచి రిసీవర్‌ను సరిచేసే వైపావో మైకు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే పైసా ఖర్చు లేకుండా ధ్వనిని ఇంతగా మార్చేది మరొకటి లేదు. మొదటిసారి మైకును సోఫా వీపు మీద పెట్టి కొలిపించాను. మాటలు మందగించి, దుప్పటి కప్పినట్టు వినిపించాయి. రెండవసారి కెమెరా స్టాండు మీద, కూర్చున్నప్పుడు చెవి ఉండే ఎత్తులో పెట్టాను. సెంటర్ స్పీకర్‌లో అక్షరం అక్షరం విడిగా తెలిసింది. సబ్‌వూఫర్ (మంద్రధ్వనికి విడిగా పెట్టే స్పీకర్) దూరం 4.8 మీటర్లని చూపింది, టేపుతో కొలిస్తే 3.1 మీటర్లే ఉంది. అది తప్పని దిద్దబోయి ఆగాను: సబ్‌వూఫర్ లోపలి ఫిల్టర్ వల్ల శబ్దం కాస్త ఆలస్యంగా బయటికి వస్తుంది, ఆ ఆలస్యాన్నే యంత్రం దూరంగా లెక్కగట్టింది. దానిని ముట్టుకోకూడదు. ముందు స్పీకర్లను యంత్రం ‘లార్జ్’ అని నిర్ణయిస్తే మాత్రం ‘స్మాల్’కు మార్చి, క్రాసోవర్ (ధ్వనిని సబ్‌వూఫర్‌కు అప్పగించే హద్దు) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టాలి, బరువైన మంద్రధ్వని సబ్‌వూఫర్‌కు వెళ్లిపోయి చిన్న స్పీకర్లు తేలిక పడతాయి.

రిసీవర్‌ను ఎక్కడ పెడుతున్నామన్నది కూడా చూసుకోవాలి. ఇంతకు ముందున్న వేరొక కంపెనీ రిసీవర్‌ను తలుపున్న అరలో పెట్టినప్పుడు సినిమా మధ్యలో వేడెక్కి ఆగిపోయేది. ఇప్పుడు పైన జానెడు ఖాళీ వదిలాను, వి385 మూడు గంటల సినిమాకు కూడా గోరువెచ్చగానే ఉంటోంది.

ఈ రెండింటి ధరల మధ్య తేడాను నేను సబ్‌వూఫర్‌కు కలిపి, అనుకున్న దానికంటే ఒక మెట్టు పైది తెచ్చుకున్నాను. ఉరుము శబ్దం ఇప్పుడు గోడలను అదరగొట్టకుండా నేల మీదుగా వచ్చి పాదాలకు తగులుతుంది. మిత్రుడు మాత్రం తన వి4ఎను వెనక్కి తీసుకెళ్లి సంతోషంగా వాడుకుంటున్నాడు. అతని గదిలో వెనుక గోడ వరకు వైరు లాగే వీలు లేదు, పిల్లల కన్సోల్ ఏడాది పొడుగునా టీవీకి తగిలించే ఉంటుంది. నన్ను అడిగి ఉంటే నేనూ అతనికి అదే చెప్పేవాడిని.